చచ్చినట్టు హాజరు కావలెను

పింఛను పుచ్చుకునే ప్రతి మనిషీ ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చేసుకోవాలి. అక్టోబరు దాకా బతికున్న సంగతి లెక్కలోకి రాదు. కౌంటరు ముందు నిలబడి దగ్గినా, తుమ్మినా, గుమాస్తా మీద అరిచినా అవి ప్రాణమున్న లక్షణాలు కావు. ఫారం నింపి, వేలు నొక్కి, ముద్ర పడ్డాకే ఊపిరి అధికారికంగా ఆడటం మొదలవుతుంది.

ఇన్నేళ్లూ ఈ అవస్థ మనుషులకే ఉండేది. కార్లు మాత్రం ఒకసారి చచ్చాయంటే చచ్చాయంతే. ఏ గోడ పక్కనో చతికిలబడి, వెనక సీట్లో పిల్లికి పురుడు పోయించుకుంటూ, హాయిగా తుప్పు పట్టేవి. ఈ అక్రమాన్ని మొట్టమొదట కనిపెట్టినవారు హయగ్రీవం గారు.

హయగ్రీవం గారు ఇరవై రెండేళ్లు పింఛన్ల విభాగంలో పనిచేసి, మా జిల్లాలో కొత్తగా తెరిచిన 'కాలము చెల్లిన వాహనముల నిర్ధారణ కార్యాలయము'నకు అధికారిగా వచ్చారు. కార్బురేటరంటే కలెక్టరు కింద ఏదో హోదా అనుకునేంత పరిజ్ఞానం ఆయనది. అయినా బెదరలేదు. పాత సెక్షన్ నుంచి వెంట తెచ్చుకున్న ఫారం తీసి, 'సదరు పింఛనుదారు జీవించి యున్నాడు' అన్నచోట 'సదరు వాహనము జీవించి యుండలేదు' అని దిద్దించారు. వేలిముద్ర గడితో సహా మిగతాదంతా అలాగే ఉంచారు. తర్వాత సర్క్యులరు వదిలారు.

"ఇందుమూలముగా సమస్త వాహన యజమానులకు తెలియజేయునది ఏమనగా, మృతి చెందిన ప్రతి వాహనము ఏటా నవంబరు ముప్పయ్యవ తేదీలోగా నిర్ధారణ అధికారి సమక్షమున హాజరై, తన మృతిని ధ్రువీకరింపజేసుకొనవలెను. హాజరు కాని వాహనము జీవించి యున్నదిగా భావించి పన్ను వసూలు చేయబడును."

చలనం లేని బండికి చలానా అన్నమాట. ప్రాణం పోసేది దేవుడు, పోయిన ప్రాణానికి పన్ను వేసేది జీవో.

చచ్చిన కారు ఆఫీసుకి ఎలా వస్తుంది? వచ్చేది కాదు, తెచ్చేవాడు కావాలి. ఆ తెచ్చేవాడు మా పక్కింటి కొప్పిశెట్టి గవర్రాజు.

గవర్రాజు బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బ్రేక్‌డౌన్ క్రేను తోలాడు. ఏ బస్సు ఏ ఊరి పొలిమేరలో మొరాయించినా వెళ్లి కొక్కెం తగిలించి లాక్కురావడం ఆయన ఉద్యోగం. ఆయన రిటైరైన నెలలోనే డిపోవాళ్లు ఆ క్రేను బండిని కూడా వేలం వేశారు. గవర్రాజు చేతికొచ్చిన సొమ్ము పట్టుకెళ్లి దాన్నే పాడుకుని ఇంటికి తోలుకొచ్చాడు. వాళ్లావిడ అచ్చాయమ్మ గుమ్మంలో నిలబడి, "ఉద్యోగం అయిపోయిందని నేను సంబరపడుతుంటే ఉద్యోగాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు మహానుభావుడు" అంది. అన్న నోటితోనే లోపలికెళ్లి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చి, దానికి గజలక్ష్మి అని పేరు పెట్టింది. ముందుకు చాచిన ఆ ఇనప తొండాన్ని చూస్తే ఇంకో పేరు తోచదు.

"రిటైరవడం అంటే ఏంటనుకున్నారు గురువుగారూ? మళ్లీ టైర్లేయించుకోడవే" అన్నాడు గవర్రాజు నాతో. ఈ మాట న్యాయంగా నేను అనవలసింది. ఆయన ముందే అనేశాడన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పట్నుంచి ఊళ్లో పాడైన కార్లను మోసుకెళ్లి ఆటోనగర్‌లో ఖాసిం సాయిబు తుక్కు యార్డులో దింపేవాడు. సాయిబు వాటిని కోసి, ముక్కలు చేసి, కరిగించడానికి పంపేవాడు. గవర్రాజుతో పాటు రిటైరైనవాళ్లు అరుగుల మీద కూర్చుని బీపీ మాత్రల రంగులు పోల్చుకుంటుంటే, ఈయన పొద్దున్నే ఖాకీ చొక్కా తొడుక్కుని హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. "ఊరికే నిలబెట్టేస్తే మనిషికైనా బ్యాటరీ దిగిపోద్దండి. గజలక్ష్మి తిరిగినన్నాళ్లూ నేను తిరుగుతాను. ఆయ్" అనేవాడు. గేరు మార్చేటప్పుడు బండి మూలిగినా ఆయన గీర మాత్రం తగ్గేది కాదు.

సర్క్యులరుకి మొదట దొరికింది నా కారే. ఇరవై ఏళ్ల కిందటి తెల్ల కారు. తెలుపు ఎప్పుడో పోయింది. నూనె, నీళ్లు, వానాకాలం వాన, అన్నీ కారుతుంది గనక కారు అనే పేరు మాత్రం నిలబెట్టుకుంది. ఇంజను నిరుడే తీసేశారు. గవర్రాజు దాన్ని గజలక్ష్మికి తగిలించి ఆఫీసు గేటు ముందుకి తెచ్చాడు. ఇద్దరం మేడెక్కాం. ఆఫీసు మేడ మీద ఉంది.

కౌంటరులో త్రిపురసుందరి గారు కూర్చుని ఉన్నారు. ఫైల్లో లేని మాట ఆవిడ నోట్లోంచి రాదు.

"వాహనం ఏదండీ?"

"కింద గేటు దగ్గరుందమ్మా. కిటికీలోంచి తొంగి చూస్తే కనపడుద్ది" అన్నాడు గవర్రాజు.

"'సమక్షమున' అని ఉందండి. 'తొంగి చూచుట' అని లేదు."

లోపలి గదిలోంచి హయగ్రీవం గారి గొంతు వినిపించింది. "ఏమయ్యా క్రేనూ! మా పింఛనుదార్లు ఎనభై ఏళ్లవాళ్లు, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి నా ఎదటికి వచ్చేవాళ్లు. నీ కారు వాళ్లకంటే గొప్పదా? పైకి తీసుకురా!"

గవర్రాజు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. కాసేపట్లో నా కారు కూడా ఆకాశం వైపు బయల్దేరింది. గజలక్ష్మి తొండం ఎత్తింది. కారు గాల్లో ఊగుతూ వెళ్లి మేడ మీది కిటికీ ముందు ఆగింది. హయగ్రీవం గారు కుర్చీలోంచి లేవకుండానే కళ్లజోడు సర్దుకుని, దాని రెండు హెడ్‌లైట్లలోకీ మార్చి మార్చి చూశారు. పింఛనుదార్లను కూడా ఇలాగే చూసేవారట.

"ఇంజను నంబరు చూపించు."

"ఇంజను తీసేశారండి" అని కింద నుంచి అరిచాడు గవర్రాజు.

"తీసేశారని నేనెలా నమ్మాలి? లేనిది ఏ ఇంజనో దాని నంబరు ఉండాలిగా? ఈ ఏడాదికి మినహాయిస్తున్నాను. వచ్చే నవంబరుకి ఇంజనుతో సహా రావాలి."

"వచ్చే నవంబరా?" అన్నాను నేను. "ఈలోగా కోయించేద్దామనుకున్నానండీ."

హయగ్రీవం గారు నన్ను జాలిగా చూశారు. "కోయిస్తే వచ్చే ఏడాది ఎవరు హాజరవుతారు? ఇది ఈ ఏడాదికి మాత్రమే చచ్చింది. నిరుడు బతికున్నవాడు ఈ ఏడు కూడా బతికున్నట్టు లెక్కా? కాదుగా. దీనికీ అదే సూత్రం."

"చచ్చింది మళ్లీ లేస్తుందా అండీ?"

"ఆడిట్‌వాళ్లు అడిగితే మీరు వచ్చి చెప్తారా?"

ఆడిట్ మాట వినగానే నాకూ ప్రాణం సగం పోయింది. అయినా ఊరుకోక, "ఇంతకీ ఇది చచ్చిందని ఎలా తేల్చారు సార్?" అని అడిగాను. ఆ ప్రశ్న కోసమే ఆయన ఎదురుచూస్తున్నట్టుంది. సర్క్యులరు తీసి, శ్లోకం చదివినట్టు చదివారు.

"క్లాజు ఏడు. స్వశక్తితో హాజరైనది సజీవము. క్రేను ద్వారా హాజరైనది ఏదైననూ నిర్జీవము. దీనిపై అప్పీలు లేదు. సవరించు అధికారము పదవిలో నున్న నిర్ధారణ అధికారికి మాత్రమే కలదు." కాగితం కింద పెట్టి కళ్లజోడు తుడుచుకున్నారు. "ఆ 'ఏదైననూ' నేనే వేశాను. అది లేకపోతే రేపు ఎవడో ట్రాక్టరు తెచ్చి, ఇది వాహనం కాదు, వ్యవసాయం అంటాడు. ఇరవై రెండేళ్ల అనుభవం ఆ ఒక్క మాటలో ఉంది."

త్రిపురసుందరి గారు 'నిర్జీవం' అని ముద్ర వేశారు. దాని కింద 'ఒక సంవత్సరము చెల్లును' అని రాశారు.

అప్పట్నుంచి ఖాసిం సాయిబు కష్టాలు మొదలయ్యాయి. ఏ కారునీ కొయ్యడానికి లేదు. అన్నీ వచ్చే నవంబరుకి నిండుగా హాజరు కావాలి. దానికి తోడు రెండో సర్క్యులరు వచ్చింది: 'మృత వాహనము తన గుర్తింపు సంఖ్య చెరిగిపోకుండ వారం వారం నూనె రాయించుకొనవలెను.' సాయిబు నూనె డబ్బా, గుడ్డపీలిక పట్టుకుని శుక్రవారం నమాజు అవగానే కారు కారుకీ తిరిగేవాడు.

"బతికుండగా ఎవడూ తుడవని కార్లండీ ఇవి. చచ్చాక నేను తలంటుతున్నాను" అని నాతో మొత్తుకున్నాడు. "వాన పడితే గొడుగు, ఎండ కాస్తే పరదా. మా అబ్బాజాన్‌కి కూడా ఇంత సేవ చెయ్యలేదు, అల్లా మన్నించాలి."

తుక్కుకి తిక్క తోడైతే ఇలాగే ఉంటుంది.

మూడో సర్క్యులరు ఇంకాస్త ముందుకెళ్లింది. మృత వాహనాన్ని అధికారి సమక్షంలో స్టార్టు చేసి, స్టార్టు కాలేదని రుజువు చెయ్యాలి. బ్యాటరీ లేకుండా తాళం తిప్పి కాలేదంటే అది మోసం కిందికి వస్తుంది. కనుక మంచి బ్యాటరీ, చాలినంత పెట్రోలు తప్పనిసరి. ఇంజను నంబరు కోసం ఇంజను ఎలాగూ పెట్టాలి. సాయిబు యార్డులో మెకానిక్కులు ఇంజన్లు వెతికి తెచ్చి బిగించారు. పానా చేతిలో ఉంటే మెకానిక్కు ప్రాణం ఊరుకోదు. లూజుగా ఉన్నది బిగిస్తాడు, మూసుకుపోయింది ఊదుతాడు, మురికిగా ఉంటే తుడుస్తాడు. చెడగొట్టమని చెబితే తప్ప బాగుచెయ్యడం ఆపడు.

రెండో నవంబరు వచ్చింది. ఆఫీసు ముందు రెండు క్యూలు. ఒకదాంట్లో బతికున్నామని చెప్పుకోడానికి పింఛనుదార్లు, రెండోదాంట్లో చచ్చామని చెప్పుకోడానికి కార్లు. పింఛన్ల కౌంటరు కూడా ఆ మేడ మీదే. నిజం చెప్పాలంటే కార్ల క్యూయే నిగనిగలాడుతోంది.

నా కారు వంతు వచ్చింది. తాళం యజమానే తిప్పాలని నిబంధన. నేను స్టీరింగు ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాను. గజలక్ష్మి నన్నూ కారునీ కలిపి పైకెత్తింది. కిటికీ ముందు ఊగుతూ తాళం తిప్పాను.

కారు స్టార్టయింది.

పదేళ్లుగా తొలి తాళానికి ఎప్పుడూ పలకని కారు, గాల్లో నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ కొత్త పెళ్లికూతురి గాజుల్లా గలగలలాడింది. కింద పింఛనుదార్లు చప్పట్లు కొట్టారు. హయగ్రీవం గారు గడియారం చూసుకుని, ఫారం మీద రాస్తూ పైకి చదివారు. "మృతి నిర్ధారణ అయినది."

"సార్, ఇంజను నడుస్తోందండీ!" అని అరిచాను పొగలోంచి.

"అది ఇంజను ఇష్టం. వచ్చింది క్రేను మీద. క్లాజు ఏడు."

"మరి లోపల నేనున్నానండీ! నేను బతికే ఉన్నాను!"

త్రిపురసుందరి గారు ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. "లోపలున్నవారికి ఈ ఫారంలో గడి లేదండి" అన్నారు.

అప్పుడు గవర్రాజు నోరు జారాడు. "అయ్యా, తాడు వదిలితే అది ఇంటికి తనే వెళ్లిపోద్దండి. మీరేమో చచ్చిందంటన్నారు. చచ్చింది కారో రూలో ఓసారి చూసుకోండి!" అన్నాడు. రెండు క్యూలూ పగలబడి నవ్వాయి. కార్లు నవ్వలేదనడానికి వీల్లేదు, నాది మాత్రం హారన్ కొట్టింది.

హయగ్రీవం గారు నవ్వలేదు. కిటికీలోంచి కిందికి చూశారు. రెండు నవంబర్లలో ఆయన కుర్చీలోంచి లేవడం అదే మొదటిసారి.

"ఏమయ్యా క్రేనూ, నీ బండి వయసెంత?"

"ఇరవై మూడండి."

"పదిహేనేళ్లకే దాని కాలం చెల్లింది. అంటే ఎనిమిదేళ్లుగా చచ్చిన బండి మీద చచ్చిన బండ్లను తెస్తున్నావు. రాసుకోమ్మా త్రిపురసుందరీ! సదరు క్రేను వచ్చే నవంబరు ముప్పయ్యిలోగా మా సమక్షమున హాజరై సజీవమో నిర్జీవమో ముద్ర వేయించుకొనవలెను. పడనిచో జప్తు చేసి తుక్కు కింద పంపవలెను."

కారు నేలకి దించగానే నేను దిగి పరుగున మేడెక్కాను. "అది రోజూ తన కాళ్ల మీద తనే వస్తోంది కదండీ. మీ క్లాజు ప్రకారమే సజీవం."

"పనికి వచ్చింది. హాజరుకి రాలేదు. హాజరంటే సమక్షం, సమక్షమంటే ఈ కిటికీ. మిగతా కార్లన్నీ వచ్చినట్టే పైకి రమ్మనండి."

"దాన్ని ఎత్తడానికి ఇంకో క్రేను లేదండీ జిల్లాలో."

"ఉన్న క్రేనుతోనే ఎత్తుకోమనండి."

"ఉన్న క్రేను అదేనండీ!"

"మరింకేం? వేరే అద్దె కూడా ఉండదు" అని హయగ్రీవం గారు ఫైలు మూసేశారు.

గవర్రాజు ఆ నోటీసుని ఖాకీ చొక్కా జేబులో పెట్టుకుని ఏడాదంతా తిరిగాడు. చెమటకి అక్షరాలు చొక్కాకి అంటుకున్నాయి. పక్క జిల్లాలకు వెళ్లి అడిగాడు. అక్కడి క్రేన్లు పదిహేనేళ్లు దాటినవే, వాటి యజమానులు ఈ జిల్లా పొలిమేరకి రామని దండం పెట్టారు. సాయంత్రాలు గజలక్ష్మి టైరు మీద చెయ్యేసుకుని కూర్చునేవాడు. హారన్ కొట్టడం మానేశాడు. అచ్చాయమ్మ నా దగ్గరికి వచ్చి, "అది పోతే ఈయనా అరుగు మీద కూర్చుంటారు అన్నయ్యగారూ. నేను చూడలేను" అంది. నేనొక అర్జీ రాశాను. అందులో ఆరు చమత్కారాలున్నాయి. జవాబు రాలేదు.

ఈలోగా జూన్‌లో హయగ్రీవం గారు రిటైరయ్యారు. ఆయన హయాం ముగిసింది గాని, ఆయన సర్క్యులర్లు రిటైరవలేదు. కొత్త అధికారి రాలేదు. కాలము చెల్లిన వాహనాల కౌంటరూ, పింఛన్ల కౌంటరూ రెండూ త్రిపురసుందరి గారికే అప్పజెప్పారు. రెంటికీ ఒకటే కిటికీ, ఒకటే కుర్చీ, ఒకటే ముద్రల పెట్టె.

నవంబరు ఇరవై ఆరున హయగ్రీవం గారు స్నానాల గదిలో జారిపడ్డారు. కుడికాలు తొడ నుంచి మడమ దాకా కట్టు. కాలు మడవకూడదు, నేల మీద మోపకూడదు. ముప్పయ్యో తేదీలోగా బతికున్నట్టు పత్రం ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు గుమాస్తా వెళ్లి సంతకం తెచ్చే పద్ధతి ఒకటి పూర్వం ఉండేది. మంచం ఎక్కినవాడికి మేడ ఎక్కడం కష్టమా అని, దాన్ని రద్దు చేసినవారు పింఛన్ల విభాగంలో ఉండగా హయగ్రీవం గారే. ఆఫీసుకేమో మెలికల మెట్లు, ఆయనకేమో మెలి తిరగని కాలు.

ముప్పయ్యో తేదీ పొద్దున్నే గవర్రాజుకి ఫోను వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"గవర్రాజు గారూ, నేనండీ, హయగ్రీవాన్ని" అంది గొంతు. ఆ 'గారు' ఆయన నోట్లో కొత్త టైరులా బిర్రుగా ఉంది. "మీ బండి కాస్త... మేడ దాకా..."

అచ్చాయమ్మ ఆయన చేతిలోంచి ఫోను లాక్కోబోయింది. "రెండేళ్లు 'ఏమయ్యా క్రేనూ' అని పిల్చినాయనకి ఇయ్యాల పేరు గుర్తొచ్చిందా? పడుండనీ!"

గవర్రాజు తాళం తీసుకున్నాడు. "ఆగిపోయిన బండిని దారిలో వదిలేసి రావడం మా డిపోలో లేదే. గజలక్ష్మికి కూడా ఇయ్యాలే ఆఖరు రోజు. ఓ మంచి పని చేసి పోనీ" అన్నాడు.

హయగ్రీవం గారిని పేము కుర్చీలో కూర్చోబెట్టి, బెల్టులతో కట్టి, కాలికింద దిండు పెట్టి, కొక్కేనికి తగిలించాం. గజలక్ష్మి ఎంత నెమ్మదిగా ఎత్తిందంటే, ఆయన చేతిలో కాఫీ గ్లాసున్నా తొణికేది కాదు. ఆయన ఫారం పట్టుకుని మేడ మీది కిటికీ ముందు, ఒకప్పుడు నా కారు ఊగిన చోట, మెల్లిగా ఊగారు.

"త్రిపురసుందరీ, వచ్చానమ్మా. ముద్ర వెయ్యి" అన్నారు.

త్రిపురసుందరి గారు ఆయన్ని చూశారు. పైన కొక్కేన్ని చూశారు. తర్వాత ఫైలు తీశారు.

"ఎలా హాజరయ్యారండీ?"

"కనిపించడం లేదా? క్రేను మీద."

ఆవిడ క్లాజు ఏడు తీసి, వేలు పెట్టి చదివారు. "క్రేను ద్వారా హాజరైనది ఏదైననూ నిర్జీవము."

"అది వాహనాలకమ్మా! నేను వాహనాన్నా?"

"'ఏదైననూ' అని ఉందండి. మీరే వేశారు."

"నేనే వేశాను గనక నేనే తీసేస్తున్నాను! ఇలా ఇవ్వు కాగితం!"

"సవరించు అధికారము పదవిలో నున్న అధికారికి మాత్రమే కలదండి."

"నేను మాట్లాడుతున్నాను కదమ్మా! అరుస్తున్నాను కదా!"

"నిరుడు కారు కూడా అరిచిందండి. మీరు ఒప్పుకోలేదు."

హయగ్రీవం గారు ఇంకో రూలు కోసం చేతిలోని ఫారం తిరగేసి చూశారు. కింద క్యూలో ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ తమ తమ నవంబర్లు గుర్తొచ్చి ఉంటాయి. ముద్ర పడిన చప్పుడు గేటు దాకా వినిపించింది. నిర్జీవం. ఒక సంవత్సరము చెల్లును.

ఆవిడ తర్వాతి ఫైలు తీశారు. "కొప్పిశెట్టి గవర్రాజు గారి క్రేను. ఈ రోజే ఆఖరు. హాజరా?"

నేనప్పటికే మేడెక్కి కిటికీ దగ్గర ఉన్నాను. నాకు ఒక్క చమత్కారం కూడా తోచలేదు. ఆవిడే ఫారం మీదికి వంగి వేలిముద్ర గడి చూశారు. దిద్దేటప్పుడు ఎవరూ కొట్టెయ్యని గడి అది. "పింఛనుదారు వేలు ఒక్కటి ఆనితే మనిషంతా హాజరైనట్టండి. దీని తొండం కిటికీలోకే వచ్చి ఉంది" అని, స్టాంపు ప్యాడు అందుకుని, చెయ్యి చాచి కొక్కెం కొనకు సిరా రాసి, కాగితంలోని ఆ గడిని దానికి అద్దారు. "స్వశక్తితో వచ్చిందా?"

"వచ్చిందమ్మా! ఆయ్! తనే నడిచొచ్చింది!" కింద నుంచి గవర్రాజు గొంతు చీరుకుపోయింది.

"సజీవం" అన్నారు త్రిపురసుందరి గారు, ముద్ర వేస్తూ.

ఏడాది తర్వాత మొదటిసారి గజలక్ష్మి హారన్ మోగింది. హయగ్రీవం గారు కుర్చీలో ఉలిక్కిపడ్డారు. గవర్రాజు వెంటనే హారన్ ఆపి, ఆయన్ని పసిపిల్లాణ్ణి దించినట్టు దించి, వెనక బల్ల మీద కుర్చీతో సహా కట్టి, ఇంటి దారి పట్టించాడు. దారి ఆటోనగర్ మీంచే.

యార్డు ముందు ఖాసిం సాయిబు అడ్డం వచ్చి ఆపాడు. గజలక్ష్మి మీద ఏది వచ్చినా దాని కాగితం చూడటం ఆయనకి అలవాటు. హయగ్రీవం గారి చేతిలోంచి కాగితం తీసుకుని, ముద్ర చూసి, నిట్టూర్చి, లోపలికెళ్లి నూనె డబ్బా, గుడ్డపీలిక పట్టుకొచ్చాడు.

"నంబరెక్కడుందో చూపించండి సార్" అన్నాడు. "వచ్చే నవంబరు దాకా చెరక్కుండా చూసుకోవాల్సింది నేనేగా."